మధ్యరాత్రి తట్టిన తలుపు

ధ్యాన భాగము: లూకా సువార్త 11వ అధ్యాయము, 5 మొదలు 10 వచనములు



ఈ వాక్యభాగమును మన గుడులలో అనేక పర్యాయములు విని యున్నాము. మధ్యరాత్రివేళ ఒకడు తన స్నేహితుని తలుపు తట్టును. ఇంటికి ప్రయాణికుడు వచ్చినాడు, వాని ముందు పెట్టుటకు ఏమియు లేదు, మూడు రొట్టెలు కావలెను. లోపలివాడు పండుకొన్నచోటినుండియే బదులు పలుకును. గడియ పడినదట, బిడ్డలు ప్రక్కలో నిద్రించుచున్నారట, ఇప్పుడు లేచుట వీలుకాదట.

ఈ ఉపమానము చెప్పునప్పుడు బోధకులు మనలను ఎల్లప్పుడు తలుపు బయట నిలువబెట్టుదురు. తట్టువారము మనము, తెరువవలసినవాడు దేవుడు. ప్రభువు తన శిష్యులకు ప్రార్థనను గూర్చి నేర్పుచుండెను గనుక ఆ బోధ సరియైనదే. అయినను ఈ సెప్టెంబరు మాసములో మేము మిమ్మును కొంతసేపు తలుపునకు లోపలివైపు కూర్చుండుమని వేడుకొనుచున్నాము. గడియ వేసికొని, బిడ్డల ప్రక్కను పండుకొని, తట్టుచున్న చప్పుడు వినుచు, లేవకయున్న ఆ మనుష్యుని ప్రక్కను కూర్చుందము. అతడు చెడ్డవాడని ప్రభువు చెప్పలేదు. అతడు స్నేహితుడే.

ఈ మాట ఇప్పుడు ఎత్తుటకు కారణమున్నది. సెప్టెంబరు 17వ తేదీ వచ్చినప్పుడెల్ల మన తెలంగాణ గ్రామములలో జెండాలు ఎగురును. ఒకరు దానిని విమోచన దినమందురు, మరియొకరు సమైక్యతా దినమందురు, 2024లో రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టెను. పేరును గూర్చి పెద్దలు పోట్లాడుకొందురు. మన ముసలివారు మాత్రము ఏ పేరును ఎత్తక, 'పోలీసు యాక్షన్' అని ఊరకుందురు. ఆ దినమున సంఘము ఏ జెండా క్రింద నిలువవలెను, ఏమని ప్రార్థింపవలెను అని కొన్ని గ్రామ సంఘములవారు మమ్మును అడిగిరి. పేర్ల తగవులో తీర్పు చెప్పుట మా పని కాదు. మేము ఒక తలుపును గూర్చి మాత్రమే చెప్పగలము.

పిల్లలు ఎరుగరు గనుక సంగతి కొంచెము మొదటినుండి చెప్పుదుము. 1947 ఆగస్టులో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరలేదు. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌గారు ఆ నవంబరు 29న యథాతథ ఒడంబడిక మాత్రము చేసికొనెను. తరువాతి నెలలలో ఖాసిం రజ్వీ నడిపిన రజాకారుల ఆగడము గ్రామములలో ఎంతగా పెరిగెనో మీలో అనేకుల ఇండ్లలో ఇప్పటికిని చెప్పుకొందురు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి గ్రామములో జరిగిన వధను ఎరుగనివారు ఆ చుట్టుప్రక్కల లేరు. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్, తాను ముస్లిమై యుండియు రజాకారులకు ఎదురు వ్రాసినందున, ఆ నెలలోనే హైదరాబాదు వీధిలో చంపబడెను. 1948 సెప్టెంబరు 13, సోమవారము వేకువజామున భారత సైన్యము సంస్థానములో ప్రవేశించెను. పడమటినుండి మేజర్ జనరల్ చౌదరిగారి దండు షోలాపూరు బాటను, తూర్పునుండి మరియొక దండు బెజవాడ బాటను కోదాడ, సూర్యాపేటల మీదుగా నడిచెను. టెంపెస్టు అను యుద్ధ విమానములు ఆకాశమునుండి బీదరు, వరంగల్లు విమానాశ్రయములమీద బాంబులు వేసెను. అయిదు దినములలో అంతయు ముగిసెను. 17న, శుక్రవారము సాయంకాలము, నిజాము దక్కన్ రేడియోలో యుద్ధము ఆపితినని చాటించెను. 18న, శనివారము, ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ నగరపు పొలిమేరలో చౌదరిగారికి లోబడెను. అది మొదలు పరిపాలన మిలిటరీ గవర్నరు చేతిలోనికి వెళ్లెను.

పుస్తకములలో ఇది అయిదారు పంక్తుల సంగతి. ఆ అయిదు దినములు ఒక గదిలో గడపినవారికి అది అంత పొట్టిది కాదు.

మేము ఎరిగిన ఒక పెద్దమ్మ కలదు. ఆనాడు ఆమెకు పదేండ్లు. వారిది మెతుకు సీమ. కరవునాడు తండ్రి నగరమునకు వచ్చి, సోమాజిగూడలో ఒక నవాబుగారి తోటలో మాలిగా కుదిరెను. కాపురము పంజాగుట్ట దాపున, అమీర్‌పేటకు పోవు బాట ప్రక్కను. నేడు అక్కడ ఫ్లైఓవరు, దానిపైన మెట్రో రైలు, దుకాణములు, చదువు చెప్పు కేంద్రములు, ఊపిరాడని జనము. ఆనాడు అది నగరపు అంచు. గుట్టలు, తుమ్మచెట్లు, నవాబుల తోటలు, నడుమ నడుమ కూలివారి గుడిసెలు. ఎర్రమంజిల్ మేడ గుట్టమీదనుండి కనబడుచుండెడిది. ఒక వైపున బేగంపేట విమానాశ్రయము. మరియొక వైపునుండి షోలాపూరు, జహీరాబాదు, పటాన్‌చెరువు మీదుగా వచ్చు బొంబాయి బాట ఎర్రగడ్డ దాటి, వారి యింటి ముందరనుండియే నగరములోనికి పోవును. విమానములు వచ్చిన ఒక వైపునుండి రావలెను, పటాలము వచ్చిన మరియొక వైపునుండి రావలెను. నడుమ వారి గుడిసె.

ఆ దినములలో జరుగుబాటు ఎట్లుండెనని మేము అడిగితిమి. ఆమె యుద్ధమును గూర్చి చెప్పలేదు, ఉప్పును గూర్చి చెప్పెను. సరిహద్దులలో సరుకులు నిలిచిపోయి కొన్ని నెలలాయెను. పెట్రోలు లేదు, మందులు లేవు, దీపమునకు కిరోసిన్ దొరకుట గగనమాయెను. హాలీ రూపాయి పట్టుకొని తల్లి అంగడి అంగడికి తిరిగి, పిడికెడు ఉప్పు కొంగున కట్టుకొని వచ్చెడిది. ఉదయము గటక, రాత్రి జొన్నరొట్టె, నంజుకొనుటకు ఉల్లిగడ్డ. తోటలో పని ఆగలేదు. పైన విమానము మ్రోగుచుండగా తండ్రి గులాబి మొక్కలకు పాదులు చేసి వచ్చెడివాడు. నవాబుగారు కుటుంబముతో పాతనగరమునకు వెళ్లిపోయిరి. 'ఎవరి కోసం నీళ్లు పోస్తున్నవ్' అని తల్లి అడిగిన, 'చెట్లకు తెలుస్తదా' అని ఆయన అనెడివాడట.

రాత్రులు మిక్కిలి కష్టముగా నుండెను. దీపము కనబడిన విమానమువారు బాంబు వేయుదురని ఎవరో చెప్పిరి. సర్కారు చెప్పెనో, ఇరుగుపొరుగు చెప్పిరో ఆమెకు తెలియదు. తల్లి బుడ్డిదీపము వెలిగించి దానిమీద తవ్వ గిన్నె బోర్లించి, అంచున చిన్న రాయి పెట్టెడిది. ఆ సందులోనుండి వచ్చు వెలుతురులోనే అన్నము తినెడివారు. 'దీపం కుంచం కింద పెట్టొద్దని ఆదివారం బడిలో నేర్పిన్రు. మా అవ్వ పెట్టింది. ఏసుప్రభువు కోపం చేస్తడని నాకు భయం, బాంబు పడ్తదని మా అవ్వకు భయం' అని చెప్పి ఆ పెద్దమ్మ నవ్వెను. మేమును నవ్వితిమి. తరువాత ఆమె చెప్పినది విని నవ్వు మానితిమి.

విమానము మ్రోత వినబడినప్పుడెల్ల ఆ వాడలోని వారందరు బయటికి వచ్చి తలలెత్తి చూచుచుండిరట. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరును. ఎవరి విమానమో ఎవరికిని తెలియదు. రంగూనులో కూలిపని చేసి 1942లో కాలినడకను తిరిగివచ్చిన ఉత్తరాంధ్ర మనుష్యుడొకడు అక్కడ నుండెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుమీద వేసిన బాంబులను అతడు కన్నులార చూచినవాడు. అతడొక్కడే తల యెత్తక, గోడ దాపున చతికిలబడి చెవులు మూసికొనెడివాడు. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలమీద కూడ బాంబులు పడినవని అతడు చెప్పినప్పుడు, మన తెలుగు ఊళ్లమీదనా అని వాడవారు నోరు తెరిచిరట.

ఇచ్చట ఒక సంగతి చెప్పక మానలేము. ఆకాశమును చూచి వణకిన ఆ సంస్థానము, అంతకు ముందు ముప్పది యేండ్లనుండి ఇంగ్లాండునకు యుద్ధ విమానములు కొని యిచ్చుచుండెను. 1918లో నిజాముగారి సొమ్ముతో ఒక విమాన దళమంతయు సిద్ధమై, ప్రతి విమానముమీదను హైదరాబాదు పేరు వ్రాయబడి, జర్మనీ పట్టణములమీద బాంబులు వేయుటకు వెళ్లెను. అది 110వ దళము. రెండవ ప్రపంచ యుద్ధములో 152వ దళమునకును, 253వ దళమునకును హైదరాబాదు పేరే. 1940లో ఇంగ్లాండు ఆకాశమును కాచినవారిలో వారును ఉండిరి. ఆ సొమ్ము ఎక్కడిది? జొన్నచేలలో చెమటోడ్చిన రైతు కట్టిన శిస్తు. 1948లో హైదరాబాదు మీదికి విమానములు వచ్చినప్పుడు ఎదురు పంపుటకు ఆ సంస్థానమునకు యుద్ధ విమాన దళము లేదు. ఆ వచ్చిన టెంపెస్టులు కూడ ఇంగ్లాండులో చేయబడినవే.

విత్తినదే కోయుదురని ఇచ్చట ఒక బోధకుడు త్వరపడి చెప్పవచ్చును. మేము అట్లు చెప్పము. విత్తినవాడు మేడలోనుండెను, వణకినది మాలి బిడ్డ. జర్మనీలో 1918లో ఇల్లు కూలినవాడును ఎవరో ఒక మాలియే యై యుండును. ఆ లెక్కను దేవుడే చూచుకొనవలెను. ఆయన చూచుకొనుననియే మా విశ్వాసము.

ఇక తలుపు సంగతి.

వారి గుడిసె గోడకు ఆనుకొనియే ఒక ముస్లిము వృద్ధుని ఇల్లు. ఆయన టాంగా తోలి బ్రదుకువాడు. పిల్లలందరు ఆయనను చాచా అనెడివారు. భార్య లేదు. కొడుకు బీదరు వైపున ఏదో కొలువులో నుండెను. కోడలు, ఆరునెలల మనుమడు ఆయనతో నుండిరి. ఆ వేసవిలో రజాకారుల గొడవకు తాళలేక మాలి తమ్ముడు ఊరు విడిచి అన్నయింటికి వచ్చి దాగెను. ఒకనాటి సాయంకాలము నలుగురు యువకులు కర్రలు పట్టుకొని వచ్చి, ఊళ్లనుండి పారివచ్చిన వారెవరని ఆ వాడలో అడిగిరి. చాచా గుర్రమునకు దాణా పెట్టుచున్నవాడు, చేయి కడుగుకొనక అట్లే వచ్చి గుమ్మమునకు అడ్డము నిలిచి, 'వీండ్లు నా ఇంటి మనుషులు, మీ తాతలకంటె ముందునుంచి నాకు తెలుసు' అని ఉర్దూలో కేకలువేసి వారిని పంపివేసెను. అది అబద్ధమే. వారు అక్కడికి వచ్చి నాలుగేండ్లే ఆయెను. ఆ తమ్ముడు బ్రదికెను.

విమానములు వచ్చిన దినములలో చాచా గుర్రము బెదరి త్రాడు తెంపుకొనెడిది. చాచా దాని చెవులలో గుడ్డపేలికలు క్రుక్కి, మెడ కౌగిలించుకొని నిలిచెడివాడట. మాలి కూతురు నీళ్లతొట్టి పట్టుకొని అంత దూరమున నిలిచెడిది. అది ఆమెకు ఇంకను కన్నులకు కట్టినట్లున్నది.

శుక్రవారము రేడియోలో మాట వచ్చెను. ఇరానీ హోటలు ముందర జనము గుమిగూడిరి. కొందరు గంతులు వేసిరి, కొందరు తలలు వంచుకొని ఇండ్లకు వెళ్లిరి. శనివారము పటాలము వచ్చెను. ఆకాశము నిమ్మళించెను, ఇక బాంబులు పడవని తల్లి తవ్వ గిన్నెను దీపముమీదనుండి తీసివేసెను. అయిదు దినముల తరువాత ఇంటిలో నిండు వెలుతురు. అందరు తృప్తిగా తిని, ప్రార్థన చేసికొని, దేవుడు కాపాడెనని స్తోత్రము చెప్పి పండుకొనిరి.

ఆ రాత్రి తలుపు తట్టిన చప్పుడు వినబడెను.

గట్టిగా కాదు, వ్రేళ్లతో. మాలి పేరు పెట్టి మెల్లగా పిలుపు. చాచా గొంతు. జిల్లాలలో ముస్లిముల ఇండ్లమీద పడుచున్నారని వార్త వచ్చినదట. కోడలిని, పసివానిని ఆ ఒక్క రాత్రికి లోపల పండుకొననిమ్మని, తాను బయట గుర్రమువద్ద నుందునని చెప్పెను. ఆ బిడ్డ ఏడ్చుట కూడ లోపలికి వినబడెను.

ఆ పెద్దమ్మ మాటలను ఆమె చెప్పినట్లే వ్రాయుచున్నాము. 'మా నాయిన లేచి కూసున్నడు. లేచి నిలవడలే. మా అవ్వ నా నోరు మీద చెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి జొన్నపిండి వాసన వస్తుండె. చాచా మూడుసార్లు పిలిచిండు. తర్వాత పిలవలే. గుర్రానికి టాంగా కట్టిన సప్పుడు విన్న. పోయిన్రు.'

దీపము ఆర్పిరా అని మేము అడిగితిమి. ఆర్పిరనెను. చాచా తట్టగానే తల్లి ఊదివేసెనట. సందులోనుండి వెలుతురు ఆయన చూచియే యుండునని, లోపల మేల్కొనియే యున్నారని ఆయనకు తెలిసియే యుండునని ఆ పెద్దమ్మ చెప్పెను. ఎనుబది యేండ్లకు సమీపముగా ఆమె మోసినది ఈ దీపమును గూర్చిన మాటనే.

సహోదరులారా, ఆ తండ్రిని నిందించుటకు మాకు నోరు రాదు. భయపడుటకు ఆయనకు కారణములుండెను. ముస్లిములను దాచిన ఇంటికి ఏమి పట్టునో ఆ రాత్రి ఎవరికి తెలియును? ఆయన పేదవాడు, పరాయి ఊరివాడు, ఆ వాడలో ఒంటరి క్రైస్తవ కుటుంబము. ప్రక్కను బిడ్డలు నిద్రించుచుండిరి. ఉపమానములోని మనుష్యుడు చెప్పినదంతయు ఆయన విషయములో నిజమే. ఇట్టి సాకులు అబద్ధములు కావు. అందుకే అవి అంత బరువైనవి. మన కోళ్లగూటిలో చూడుడు. గద్ద నీడ పడగానే పిల్లలన్నియు తల్లి రెక్కల క్రిందికి దూరును. గద్ద పోయినను కొంతసేపు ఆ తల్లి ఏ చప్పుడునకును రెక్క విప్పదు.  అయిదు దినములు పైకి చూచి చూచి మెడలు పట్టినవారు, ఎదుటనున్న తలుపును చూడలేకపోయిరి. ఆరోహణ దినమున గలిలయవారు ఆకాశమువైపు చూచుచు నిలువగా దూతలు వారిని ఎందుకని అడిగిరి (అపొస్తలుల కార్యములు 1). అది సంతోషముతో చూచిన చూపు. భయముతో చూచిన చూపునకును ఆ ప్రశ్న చెల్లును.

మరునాడు ఆదివారము, సెప్టెంబరు 19. ముఖములు కడుగుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని, అందరును గుడికి వెళ్లిరి. చాచా ఇంటికి తాళము వేసియుండెను. దాని ముందరనుండియే నడిచి వెళ్లిరి. యుద్ధము ఆగెను గనుక గుడిలో కృతజ్ఞతాస్తుతులు మెండుగా జరిగినవట. దక్షిణ ఇండియా సంఘము మద్రాసులో ఏర్పడి అప్పటికి ఇంకను ఏడాది నిండలేదు. 1947 సెప్టెంబరు 27న వేరువేరు మిషనులవారు గోడలు పడగొట్టి ఒక్క సంఘమైరని సంతోషించిన దినములవి. గోడలను గూర్చి బోధకుడేమి చెప్పెనో ఆ పదేండ్ల పిల్లకు జ్ఞాపకము లేదు. తండ్రి స్తోత్రగీతము పాడలేదని మాత్రము జ్ఞాపకమున్నది.

చాచా కుటుంబము చార్మినారు వైపున బంధువుల యింట పదునైదు దినములుండి తిరిగివచ్చెను. కొడుకు రాలేదు. ఎన్నటికిని రాలేదు. చాచా ఎప్పటివలెనే మాలిని చూచి సలాము చేసెను. మాలియు సలాము చేసెను. ఆ రాత్రిని గూర్చి ఎవరును ఎత్తలేదు. ఎత్తకుండుటయే మిక్కిలి భయంకరమైనది.

ఆ కొడుకు ఒక్కడే కాడు. ప్రధానమంత్రి నెహ్రూగారు పంపగా పండిత సుందరలాలుగారును, ఖాజీ అబ్దుల్ గఫార్‌గారును మరికొందరును ఆ శీతకాలమున జిల్లాలు తిరిగి విచారించిరి. పోలీసు చర్య కాలములోను, ఆ తరువాతను 27 వేలనుండి 40 వేలవరకు ప్రాణములు పోయినవని వారు అంచనా వేసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నాశము ఎక్కువ. చనిపోయినవారిలో అత్యధికులు రజాకారులతో పొత్తులేని సామాన్య ముస్లిములు. ఆ నివేదిక అనేక సంవత్సరములు మూతపడియుండి, 2013 ప్రాంతమున గాని జనులు చదువుటకు వీలుకాలేదు. హిందువులు తమ ప్రాణములకు తెగించి ముస్లిము పొరుగువారిని కాపాడిన చోట్లు ఉన్నవనియు, నేతపనివారు తోటి నేతపనివారి పక్షమున నిలిచిరనియు అందులోనే కలదు. మగ్గము ప్రక్కను మగ్గము వేసికొని కూర్చుండినవాడు తలుపు తెరిచెను. స్తోత్రము చెప్పి పండుకొన్నవాడు తెరువలేదు. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, అయినను వ్రాయవలెను.

ఇది చదివి మీలో ఒకరు, మా ఊరిలో రజాకారులు మా తాతను కొట్టిరి, మా గడ్డివాము తగులబెట్టిరి, దానిని గూర్చి వ్రాయరేమి అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పటాలము వచ్చిననాడు బైరాన్‌పల్లి వంటి ఊళ్లలో మిగిలినవారు ఊపిరి పీల్చుకొనిరి. ఆ సంతోషమును ఎవరును కాదనరాదు. అదే పటాలము తరువాత సాయుధ పోరాటమును అణచుటకు నల్లగొండ, వరంగల్లు పల్లెలలో మకాము వేయగా, 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడువరకు, ఏ ఇంట్లో ఏ కుర్రవాడు మాయమగునోయని తల్లులు తెల్లవార్లు మేల్కొనియుండిన సంగతియు మీ పెద్దలకు తెలియును. ఒక్క ఊరిలోనే ఒకరికి విడుదల, ఒకరికి చెర. ఆ రెంటిలో ఒక్కదానినే జ్ఞాపకము చేసికొనుమని ప్రతి జెండాయు మనలను అడుగును. యెరూషలేమును చూచి మన ప్రభువు ఏడ్చినప్పుడు (లూకా 19) ఆయన పట్టణములోని సగము మందికొరకే ఏడ్చెనా? తనను సిలువవేయబోవువారును ఆ గోడల లోపలనే యుండిరి.

మాలి సంగతి ముగింపవలసి యున్నది. ఆ సెప్టెంబరు మొదలు ఆయన ప్రభువు బల్లయొద్దకు రాలేదు. గుడికి వచ్చును, వెనుక వరుసలో కూర్చుండును, బల్ల సిద్ధముకాగానే లేచి బయటికి వెళ్లి చెట్టుక్రింద నిలుచును. అయ్యగారు అడిగిన జ్వరమనును. అర్పణమును బలిపీఠము ముందర విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమన్న ప్రభువు ఆజ్ఞను (మత్తయి 5) ఆయనకు ఎవరును చదివి వినిపింపలేదు. ఆయనకు చదువు రాదు. అయినను దానిని సంఘములో అందరికంటె బాగుగా ఎరిగినవాడు ఆయనయే.

ఏడాది దాటిన తరువాత ఒక సాయంకాలము చాచా గడ్డిబండితో వచ్చుచుండగా మాలి ఎదురేగెను. కూతురు గుమ్మములోనుండి చూచుచుండెను. తండ్రి తలపాగా తీసి చేతబట్టుకొని ఏదో చెప్పుచుండెను. చెప్పుచు చెప్పుచు ఏడ్చెను. ఆమె తన తండ్రి ఏడ్చుట అంతకు ముందు చూడలేదు. చాచా చాలసేపు పలుకలేదు. క్షమించితిననలేదు, పరవాలేదు అనలేదు. తుదకు, 'వాన వస్తున్నది, గడ్డి తడుస్తది, ఒక మోపు అందుకో' అనెను. ఇద్దరును కలిసి గడ్డి లోపలికి చేరవేసిరి.

ఆ తరువాతి ఆదివారము మాలి బల్లయొద్దకు వచ్చెను.

చాచా క్షమించెనా అని మేము ఆ పెద్దమ్మను అడిగితిమి. 'నాకెరుకలేదు. కొడుకు పోయినోడు. ఎట్ల క్షమిస్తడు? కాని గడ్డి పట్టుమన్నడు' అనెను. చాచా పోయినప్పుడు ఖబరస్తానువరకు మాలి వెంట వెళ్లెను. మాలి పోయినప్పుడు, ఆ రాత్రి తలుపు బయట ఏడ్చిన పసివాడు, అప్పటికి పెద్దవాడై, శవపేటికకు భుజమిచ్చెను. ఆ రాత్రి సంగతి అతనికి తెలియునో తెలియదో ఆమెకు తెలియదు. ఆమె చెప్పలేదు. చెప్పవలసియుండెనేమో అని ఇప్పుడు అడుగుచున్నది. దానికి మా యొద్ద జవాబు లేదు.

ఈ మధ్య ఆమెను వెంటబెట్టుకొని పంజాగుట్టకు వెళ్లితిమి. గుడిసె ఎక్కడనుండెనో చూపుమంటిమి. ఆమె ఫ్లైఓవరు క్రింద నిలిచి నలువైపుల చూచెను. గుట్ట గుర్తుపట్టెను, బాట గుర్తుపట్టెను, ఇల్లు గుర్తుపట్టలేకపోయెను. 2008లో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి గనుక ఆకాశములో పూర్వపు మ్రోత లేదు. ఏదో ఒక చిన్న విమానము పైన పోగా ఆమె ఆగి తల యెత్తెను. అంతలోనే తల దించి, ప్రక్కను వచ్చి పోవుచున్న మనుష్యుల ముఖములు చూచుచు నిలిచెను.

కావున మమ్మును అడిగిన సంఘములవారికి మా మనవి. జెండా వద్దకు వెళ్లువారు వెళ్లుడు, అభ్యంతరము లేదు. అయితే ఈ నెల మూడవ ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత ఇండ్లకు తొందరపడి పోక, ఊరిలో ఎనుబదియైదేండ్లు దాటినవారి యొద్దకు ఇద్దరిద్దరుగా వెళ్లి కూర్చుండుడు. మన సంఘములోనివారి యొద్దకే కాదు, దర్గా వీధిలోని ముసలమ్మ యొద్దకును, గడిచిన ఏండ్లలో మన గుమ్మము ఎక్కని కాపు పెద్దయొద్దకును వెళ్లుడు. ఆ అయిదు దినములు ఎట్లు గడిచినవని అడుగుడు. మధ్యలో మాట త్రుంపకుడు, సరిదిద్దకుడు. ఎవరి తలుపు తెరువబడెను, ఎవరిది తెరువబడలేదు అని వారు చెప్పిన యెడల, పేర్లు విడిచి, సంగతి మాత్రము ఒక కాగితముమీద వ్రాసి గుడిలో భద్రపరచుడు. ఆనాడు పదేండ్ల పిల్లలు ఇప్పుడు మిగిలినవారు కొద్దిమందియే. వచ్చే సెప్టెంబరునకు ఎందరుందురో చెప్పలేము.

వెళ్లునప్పుడు చేతిలో ఏమైన పట్టుకొని వెళ్లుడు. పండ్లు గాని, సేరు జొన్నలు గాని. మూడు రొట్టెలైనను చాలును.